అయస్కాంతం బతికే ఉంది, కంపెనీ వెళ్లిపోయింది: సెకండ్ హ్యాండ్ ఎన్ఎంఆర్ మెషీన్ల కథ

సెకండ్ హ్యాండ్ బైక్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇంజన్ సౌండ్ ఎలా ఉంది, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఎంత నిలుస్తుంది అని అడుగుతాం. ఇవాళ మాట్లాడుకోబోయే సెకండ్ హ్యాండ్ సరుకు వేరే లెవెల్. దాన్ని ఒకసారి ఆపామంటే మళ్లీ ఆన్ చేయడానికే లక్షల రూపాయలు కావాలి. ఆపకపోతే లారీ ఎక్కించలేం. మరి ఎలా అమ్ముతారు, ఎవరు కొంటారు, కొన్నాక ఏమవుతుంది? ఆ మెషీన్ పేరు ఎన్ఎంఆర్ స్పెక్ట్రోమీటర్. న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవాళ్లకి ఈ పేరు వినగానే ఎగ్జామ్ పేపర్ గుర్తొస్తుంది. కింద ఒక గీత, దాని మీద నిటారుగా కొన్ని పీకులు, పక్కన "ఈ కాంపౌండ్ స్ట్రక్చర్ రాయండి" అని ప్రశ్న. మనలాంటి బీటెక్ బ్యాచ్ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పదార్థాన్ని సన్నటి గాజు ట్యూబులో పోసి బలమైన అయస్కాంతం మధ్యలో పెడతారు. రేడియో తరంగం కొడితే అందులోని అణువుల కేంద్రకాలు తిరిగి చిన్న రేడియో సిగ్నల్ ఇస్తాయి. పక్కన ఏ పరమాణువు కూర్చుందో దాన్నిబట్టి ఆ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. ఆ తేడాలు చదివి అణువు నిర్మాణం గీసేస్తారు. హాస్పిటల్లో ఎమ్మారై చేసేదీ ఇదే సూత్రంతో. అక్కడ "న్యూక్లియర్" అన్న మాట వింటే పేషెంట్లు భయపడతారని ఆ అక్షరం తీసేశారు, అంతే.

ఇప్పుడు హిస్టరీకి వద్దాం. మీరు నమ్ముతారో లేదో, ఘన పదార్థంలో ఎన్ఎంఆర్ సిగ్నల్ పట్టిన మొట్టమొదటి ప్రయోగమే సెకండ్ హ్యాండ్ అయస్కాంతంతో జరిగింది.

1945 డిసెంబర్. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. ఎడ్వర్డ్ పర్సెల్, హెన్రీ టోరీ, రాబర్ట్ పౌండ్ అనే ముగ్గురు అమెరికాలోని ఎంఐటీలో రాడార్ ల్యాబ్‌లో పని చేస్తున్నారు. ఈ ప్రయోగం వాళ్ల ఆఫీసు పని కాదు. ఖాళీ టైమ్‌లో, సాయంత్రాలు, పక్కనున్న హార్వర్డ్‌కి వెళ్లి చేసుకున్న సైడ్ ప్రాజెక్ట్. అయస్కాంతం కొనే బడ్జెట్ లేదు. హార్వర్డ్‌లో కరీ స్ట్రీట్ అనే ప్రొఫెసర్ అంతకు ముందు కాస్మిక్ కిరణాల పరిశోధనకి వాడి వదిలేసిన పెద్ద విద్యుదయస్కాంతం ఒకటి ఉంది. దాన్ని అడిగి తీసుకున్నారు. శాంపిల్ ఏంటో తెలుసా? పారఫిన్ మైనం. సుమారు ఒక కేజీ, కిరాణా కొట్లో కొన్నది. డిసెంబర్ 15, శనివారం. లెక్క వేసుకున్న కరెంట్ దగ్గర ఏమీ కనపడలేదు. ఇంకా ఎక్కువ కరెంట్ పంపి నెమ్మదిగా తగ్గిస్తుంటే మీటర్ ముల్లు కదిలింది. అదే సిగ్నల్. దాదాపు అదే సమయంలో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్ టీమ్ నీటిలో అదే విషయాన్ని వేరే పద్ధతిలో చూసింది. 1952లో పర్సెల్‌కి, బ్లాక్‌కి కలిపి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

ఈ చిన్న కథ ఎందుకు చెప్పానంటే, ఇందులో ఒక ప్యాటర్న్ ఉంది. అయస్కాంతం ఒకరిది, ఎలక్ట్రానిక్స్ ఇంకొకరివి. అయస్కాంతం పాతది, రేడియో సర్క్యూట్ కొత్తది. తర్వాతి డెబ్బై ఎనభై ఏళ్ల సెకండ్ హ్యాండ్ వ్యాపారం మొత్తం ఈ రెండు ముక్కల మధ్య వయసు తేడా మీదే నడిచింది. గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బ్లాక్ టీమ్ పక్కనే వేరియన్ అన్నదమ్ములు ఉన్నారు, రస్సెల్, సిగర్డ్. రాడార్‌లో వాడే క్లిస్ట్రాన్ ట్యూబు కనిపెట్టినవాళ్లు. 1948లో వాళ్లూ మరికొందరూ కలిసి 22,000 డాలర్లతో వేరియన్ అసోసియేట్స్ అనే కంపెనీ పెట్టారు. సిలికాన్ వ్యాలీ అన్న పేరు పుట్టకముందే అక్కడ మొలకెత్తిన కంపెనీల్లో ఇదొకటి. ఎన్ఎంఆర్‌ని ల్యాబ్ నుంచి మార్కెట్‌కి తెచ్చింది వీళ్లే. 1952లో వీళ్ల మెషీన్ టెక్సస్‌లోని హంబుల్ ఆయిల్ అనే పెట్రోలియం కంపెనీకి వెళ్లింది. అంటే తొలి కస్టమర్లలో ఒకరు చమురు కంపెనీ అన్నమాట. డబ్బున్నవాడే కదా ముందు కొంటాడు.

ఇక్కడ మనవాళ్ల ముచ్చట ఒకటి. 1951లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక పేపర్ కెమిస్టుల కళ్లు తెరిపించింది. ఆల్కహాల్ అంటే ఇథనాల్ తీసుకుంటే ఒక్క సిగ్నల్ బదులు మూడు వేర్వేరు పీకులు వచ్చాయి. సీహెచ్3కి ఒకటి, సీహెచ్2కి ఒకటి, ఓహెచ్‌కి ఒకటి. అప్పటిదాకా ఫిజిక్స్ వాళ్ల బొమ్మగా ఉన్నది ఆ రోజు నుంచి కెమిస్ట్రీ వాళ్ల పనిముట్టు అయింది. ఆ పేపర్ రాసిన ముగ్గురిలో ఒకరు ధర్మట్టి అనే భారతీయుడు. తర్వాత ఆయన బొంబాయి టీఐఎఫ్ఆర్‌కి వచ్చి ఎన్ఎంఆర్ గ్రూప్ మొదలుపెట్టారు. అదే 1951లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి జి. సూర్యన్ పారుతున్న ద్రవాల్లో ఈ సిగ్నల్ ఎలా మారుతుందో పేపర్ రాశారు. ఇవాళ స్కానింగ్‌లో రక్త ప్రవాహం కొలిచే ఐడియాకి ముత్తాత లాంటిది అది. మనకి ఇవన్నీ ఎక్కడో అమెరికా సంగతులు అనిపిస్తాయి గానీ, మొదటి ఐదారేళ్లలోనే మనవాళ్లు సీన్‌లో ఉన్నారు.

1961లో వేరియన్ ఏ-60 అనే మోడల్ తెచ్చింది. 60 అంటే 60 మెగాహెర్ట్జ్. అంతకు ముందు ఈ మెషీన్ నడపాలంటే దాంతో సంసారం చేసిన నిపుణుడు ఒకడు పక్కనుండాలి. ఏ-60తో మామూలు కెమిస్టు వచ్చి ట్యూబు పెట్టి, ముందే గళ్లు అచ్చేసిన చార్ట్ పేపర్ మీద గ్రాఫ్ తీసుకుని వెళ్లిపోవచ్చు. యూనివర్సిటీలు ఎగబడి కొన్నాయి. 1970ల మొదట్లో పాల్ లాటర్బర్ ఎమ్మారైకి పునాది వేసిన తొలి బొమ్మలు తీసింది కూడా డిపార్ట్‌మెంట్‌లో అందరూ వాడే ఏ-60 మీదే. రాత్రిపూట సెట్టింగులు మార్చుకుని ప్రయోగం చేసి, తెల్లారేసరికి కెమిస్టుల కోసం మళ్లీ మామూలుగా పెట్టేసేవాడు. 2003లో ఆయనకి నోబెల్.

సరే, ఇప్పటిదాకా కథలో అయస్కాంతం అంటే ఇనుము, రాగి చుట్ట. కరెంట్ ఆపితే ఆగిపోతుంది. లారీ ఎక్కించొచ్చు. 1960ల మధ్యలో సూపర్ కండక్టింగ్ అయస్కాంతాలు వచ్చాయి చూడండి, అక్కడే అమ్మకం కొనుగోలు అనే మాటకి అర్థం మారిపోయింది.

నియోబియం-టైటానియం లాంటి లోహపు తీగ చుట్టని ద్రవ హీలియంలో ముంచుతారు. మైనస్ 269 డిగ్రీలు. ఆ చలికి తీగలో నిరోధం సున్నా అవుతుంది. ఒక్కసారి కరెంట్ ఎక్కించి సర్క్యూట్ మూసేస్తే, ప్లగ్ పీకేసినా ఆ కరెంట్ ఏళ్ల తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది. మీరు నిద్రపోతున్నా, ఊళ్లో కరెంట్ పోయినా, ఆ అయస్కాంతం మాత్రం ఆన్‌లోనే. దానికి కావాల్సింది తిండి ఒక్కటే. వారం పది రోజులకోసారి ద్రవ నైట్రోజన్, కొన్ని నెలలకోసారి ద్రవ హీలియం. పెట్టడం మానేస్తే హీలియం ఆవిరైపోతూ ఒక దశలో తీగ వేడెక్కుతుంది, నిరోధం తిరిగి వస్తుంది, లోపల దాచుకున్న శక్తంతా వేడిగా మారి మిగిలిన హీలియం ఒక్కసారిగా గ్యాస్ అయి బయటికి తన్నుకొస్తుంది. దీన్ని క్వెంచ్ అంటారు. ఒక లీటరు ద్రవ హీలియం ఏడొందల లీటర్ల పైగా గ్యాస్ అవుతుంది. చిన్న గదిలో అయితే మనం పీల్చే ఆక్సిజన్‌ని తోసేస్తుంది, ప్రాణం మీదకి రావచ్చు. క్వెంచ్ తర్వాత అయస్కాంతం బాగుండనూ వచ్చు, లోపల ఏదో తెగిపోయి ఉండనూ వచ్చు. మళ్లీ చల్లబరిచి, కరెంట్ ఎక్కించి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే పాత ఎన్ఎంఆర్ కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న: "ఇప్పుడు ఫీల్డ్‌లో ఉందా?" అంటే అయస్కాంతం ప్రస్తుతం చల్లగా, ఆన్‌లో ఉందా అని. ఉంటే, కళ్లెదుట ఒక శాంపిల్ పెట్టి స్పెక్ట్రమ్ తీసి చూపించమనొచ్చు. బైక్‌కి టెస్ట్ రైడ్ లాంటిది. ఎప్పుడో వేడెక్కి మూలన పడి ఉంటే, అది సీల్డ్ డబ్బాలో లాటరీ టికెట్. చూడ్డానికి రెండూ ఒకేలా మెరిసే స్టీలు ట్యాంకులే.

రెండో ప్రశ్న, హీలియం లాగ్ బుక్ ఉందా? రోజుకి ఎంత ఆవిరవుతోందో రాసిన పుస్తకం. ఆ అంకె మెల్లగా పెరుగుతూ వస్తుంటే గోడల మధ్య వాక్యూమ్ పాడవుతోందని అనుమానించాలి. నాకైతే ఈ లాగ్ బుక్ అన్న మాట చాలా నచ్చింది. సర్వర్ రూమ్‌లో పని చేసినవాళ్లకి తెలుసు, లాగ్స్ చూడకుండా సిస్టమ్ బాగుందని చెప్పేవాణ్ని నమ్మకూడదు.

ఇక దింపడం. కరెంట్‌ని పద్ధతిగా కిందికి తేవాలి. దానికి ఆ మోడల్‌కి సరిపోయే ప్రత్యేకమైన రాడ్, పవర్ సప్లై, చేతిలో పనున్న ఇంజనీరు కావాలి. తర్వాత మెల్లగా గది ఉష్ణోగ్రతకి తేవాలి. లోపలి పాత్ర బయటి వేడి తగలకుండా చాలా సన్నటి ఆధారాల మీద వేలాడుతుంటుంది కాబట్టి, రవాణాకి ముందు లోపల బిగింపులు పెట్టాలి. అవి పెట్టకుండా మన రోడ్ల మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించారనుకోండి, కథ అక్కడే అయిపోయింది. కొత్త చోట ఎత్తైన సీలింగ్ ఉండాలి, ఎందుకంటే హీలియం పోసే పొడవాటి గొట్టం పైనుంచి దించాలి. పాత అయస్కాంతాలకి షీల్డింగ్ ఉండదు కాబట్టి వాటి ప్రభావం చుట్టూ చాలా దూరం పోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికి రాకుండా గీత గీయాలి. మళ్లీ చల్లబరచడానికి వందల లీటర్ల హీలియం. ఇదంతా మెషీన్ ధరలో ఉండదు. "ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా" అని వేలం ప్రకటనల్లో చూస్తుంటాం కదా, ఆ మాట ఇంత బరువుగా వర్తించే సరుకు నాకు ఇంకోటి తెలీదు. ఉచితంగా ఇచ్చినా భరించలేని మెషీన్లు ఇందుకే ఉంటాయి.

ఇప్పుడు ఇందాకటి ప్యాటర్న్‌కి వద్దాం. అయస్కాంతం సరిగ్గా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏళ్లు నడుస్తుంది. దాని పక్కనుండే కన్సోల్, అంటే రేడియో పల్సులు పంపి సిగ్నల్ పట్టే ఎలక్ట్రానిక్ క్యాబినెట్, దాన్ని నడిపే కంప్యూటర్, వాటి వయసు మన ఫోన్ల వయసు కంటే కొంచెం ఎక్కువ, అంతే. వేరియన్ మెషీన్లు ఒకప్పుడు సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ల మీద, సోలారిస్ మీద నడిచేవి. ఆ సన్ కంపెనీయే ఇవాళ లేదు, 2010లో ఒరాకిల్ మింగేసింది. హార్డ్ డిస్క్ పోతే అదే రకం డిస్క్ కోసం పాత సామాన్ల అంగళ్లు వెతకాలి. కోట్ల రూపాయల అయస్కాంతం, దాన్ని ఆపేసేది ఒక పాత డిస్క్.

ఈ గ్యాప్‌లోనే ఒక మంచి వ్యాపారం పుట్టింది. అమెరికాలో ఇండియానాపొలిస్‌లో అనసాజీ ఇన్స్‌ట్రుమెంట్స్ అనే చిన్న కంపెనీ ఉంది. వేరియన్ 1970ల్లో ఈఎం-360, ఈఎం-390 అని శాశ్వత అయస్కాంతంతో మోడళ్లు అమ్మింది. హీలియం అక్కర్లేదు, పెద్ద ఇనుప దిమ్మ అంతే. వాటి ఎలక్ట్రానిక్స్ ముసలివైపోయాయి, అయస్కాంతం మాత్రం అలాగే ఉంది. వీళ్లు ఆ దిమ్మని ఉంచేసి, కొత్త ఎలక్ట్రానిక్స్, కొత్త కంప్యూటర్ తగిలించి తిరిగి నిలబెట్టారు. దాంతో అమెరికాలో చిన్న చిన్న కాలేజీల్లో డిగ్రీ పిల్లలు తమ చేతులతో ఎన్ఎంఆర్ నడిపే అవకాశం వచ్చింది. పెద్ద సూపర్ కండక్టింగ్ అయస్కాంతాల విషయంలో హ్యూస్టన్‌లోని టెక్‌మాగ్ లాంటి వాళ్లు ఇలాగే కొత్త కన్సోళ్లు చేసి పెట్టారు. మన ఊళ్లో పాత అంబాసిడర్‌కి కొత్త డీజిల్ ఇంజన్ బిగించినట్టే.

ఇక అసలు దెబ్బ. వేరియన్ 1999లో మూడు ముక్కలైంది. మెడికల్ ఒకటి, సెమీకండక్టర్ ఒకటి, ల్యాబ్ పరికరాలది ఒకటి. ల్యాబ్ ముక్కని 2010లో ఆజిలెంట్ అనే కంపెనీ సుమారు 150 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అప్పటికి ప్రపంచంలో ఎన్ఎంఆర్ చేసే పెద్ద కంపెనీలు మూడు: వేరియన్, జర్మనీలో 1960లో పుట్టిన బ్రూకర్, జపాన్‌కి చెందిన జియోల్. ఐదేళ్లు తిరక్కుండా, 2014 అక్టోబర్‌లో ఆజిలెంట్ ఒక ప్రకటన ఇచ్చింది. ఎన్ఎంఆర్ వ్యాపారం మూసేస్తున్నాం అని. అరవై ఏళ్లకి పైగా ఈ రంగానికి దారి చూపిన వంశం అలా ఆగిపోయింది.

ఒక్క నిమిషం ఆ ల్యాబ్‌ల వైపు నుంచి ఆలోచించండి. గ్రాంట్ కోసం ఏళ్ల తరబడి తిరిగి, రెండేళ్ల కింద కొత్త మెషీన్ కొన్న ప్రొఫెసర్ పరిస్థితి ఏంటి? మెషీన్‌కి ఏమీ కాలేదు. నిన్న ఎంత బాగా పని చేసిందో ఇవాళా అంతే. కానీ రేపు బోర్డు పోతే? ప్రోబ్, అంటే శాంపిల్ చుట్టూ ఉండే ఆ సున్నితమైన భాగం పాడైతే? సర్వీస్ కొంతకాలం ఉంటుంది, తర్వాత? రాత్రికి రాత్రే కొత్త మెషీన్ "పాత మోడల్" అయిపోయింది. వాడకం వల్ల విలువ పడిపోతే ఓకే అనుకుంటాం. ఇక్కడ పడిపోయింది ఎక్కడో మీటింగ్ రూమ్‌లో తీసుకున్న నిర్ణయం వల్ల.

అప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్ పాత్రే మారిపోయింది. అంతకు ముందు పాత మెషీన్ కొనేది డబ్బు లేనివాళ్లు. ఇప్పుడు బాగా నడుస్తున్న మెషీన్ ఉన్నవాళ్లే ఇంకో పాత మెషీన్ కొనడం మొదలుపెట్టారు, విడి భాగాల కోసం. ఒకదాని బోర్డులు తీసి ఇంకోదానికి. అవయవ దానం అనుకోండి. మిగతా రెండు కంపెనీలూ ఊరుకుంటాయా? "మీ అయస్కాంతం ఉంచుకోండి, మా కన్సోల్ తగిలించుకోండి" అని వచ్చాయి. అయస్కాంతం నడిమి రంధ్రం సైజులు చాలావరకు ఒక కొలతకి స్థిరపడి ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. పైగా వేరియన్ మెషీన్లలో చాలావాటికి అయస్కాంతం చేసింది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఇన్స్‌ట్రుమెంట్స్. అంటే మొదటి నుంచీ మెషీన్ మీద పేరు ఒకరిది, గుండె ఇంకొకరిది.

నాకు ఈ కథలో బాగా ఇష్టమైన భాగం సాఫ్ట్‌వేర్‌ది. నా వృత్తి దోషం, ఏం చేస్తాం. ఆ మెషీన్లని నడిపే ప్రోగ్రామ్ పేరు వీఎన్ఎంఆర్‌జె. కంపెనీ వెళ్లిపోతే సోర్స్ కోడ్ కూడా ఎక్కడో బీరువాలో మూలిగేది, అదే మామూలుగా జరిగేది. ఇక్కడ అలా జరగలేదు. ఆజిలెంట్ ఆ కోడ్‌ని ఆరిగన్ యూనివర్సిటీ ద్వారా ఓపెన్ సోర్స్‌గా బయటికి వదిలింది. ఓపెన్ వీఎన్ఎంఆర్‌జె అనే పేరుతో అది గిట్‌హబ్‌లో ఉంది, ఇప్పుడే మీరు ఫోన్‌లో తెరిచి చూడొచ్చు. ఆ మెషీన్లు వాడేవాళ్లు, తెలిసినవాళ్లు కలిసి కొత్త లినక్స్ మీద నడిచేలా చేసుకుంటూ వచ్చారు. నేను కొన్నాళ్లు పాత కోడ్ మెయింటెనెన్స్ ఉద్యోగం చేశాను. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ని తిట్టుకుంటూ బతికించడం ఎలా ఉంటుందో తెలుసు. కానీ మనం బతికించకపోతే ఒక పెద్ద అయస్కాంతం ఖాళీగా హీలియం తాగుతూ కూర్చుంటుంది అన్నప్పుడు ఆ పనికి వచ్చే గౌరవం వేరు. నన్నడిగితే, సెకండ్ హ్యాండ్ ల్యాబ్ మెషీన్ కొనేవాడు హార్డ్‌వేర్ కంటే ముందు అడగాల్సింది ఇదే: లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది, ఇన్‌స్టాలేషన్ డిస్కులు ఉన్నాయా, కోడ్ ఎవరి చేతిలో ఉంది? ఆర్‌సీ చూడకుండా బైక్ కొనం కదా.

హీలియం సంగతి చెప్పకుండా ఆపలేను. అది భూమి లోపల సహజ వాయువుతో కలిసి దొరుకుతుంది, గాల్లోకి వదిలితే ఆకాశానికి పోతుంది, తిరిగి రాదు. అమెరికా ప్రభుత్వం టెక్సస్‌లో అమరిల్లో దగ్గర భూగర్భంలో పెద్ద నిల్వ పెట్టుకుంది. 1996లో దాన్ని అమ్మేయాలని చట్టం చేశారు. చివరి అమ్మకం 2024లో మెస్సర్ అనే గ్యాస్ కంపెనీకి జరిగింది. ఈ మధ్యలో ప్రపంచం చాలాసార్లు హీలియం కొరత చూసింది. మన దేశానికి దాదాపు అంతా దిగుమతే. కాబట్టి ఎవరో విదేశీ యూనివర్సిటీ పాత 400 మెగాహెర్ట్జ్ మెషీన్ దానంగా ఇస్తానంటే సంతోషించే ముందు, నెలల తరబడి దానికి పెట్టే తిండి లెక్క వేసుకోవాలి. కొనడం ఒక్కసారి ఖర్చు, పోషించడం రోజూ ఖర్చు. ఏనుగుని బహుమతిగా ఇచ్చిన రాజుగారి కథ మన పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు.

మరి మన హైదరాబాద్‌లో? ఈ సిటీ మందుల సిటీ. కొత్తగా చేసిన మాలిక్యూల్ నిజంగా మనం అనుకున్నదేనా అని తేల్చడానికి ఫార్మా ల్యాబ్‌లకి ఎన్ఎంఆర్ లేకపోతే పని జరగదు. తార్నాకలో ఐఐసీటీలో, దగ్గర్లోనే సీసీఎంబీలో, ఇటు టీఐఎఫ్ఆర్ హైదరాబాద్‌లో పెద్ద మెషీన్లు ఉన్నాయి. కానీ జిల్లాల్లో కెమిస్ట్రీ చదివే పిల్లల్లో చాలామంది పీకులు చదవడం నేర్చుకునేది పుస్తకంలో అచ్చయిన బొమ్మల మీదే. ట్యూబు చేత్తో పట్టుకున్నది లేదు. ఇప్పుడు బెంచ్‌టాప్ మెషీన్లు వస్తున్నాయి, న్యూజీలాండ్‌లో మాగ్రిటెక్, కెనడాలో నానాలిసిస్ లాంటి కంపెనీలవి. శాశ్వత అయస్కాంతం, హీలియం వద్దు, టేబుల్ మీద పెట్టుకోవచ్చు. వాటి ఫ్రీక్వెన్సీ ఎంతో తెలుసా? కొన్నిటిది 60 మెగాహెర్ట్జ్. 1961 నాటి ఏ-60 అంకె. డిగ్రీ కాలేజీకి నన్ను సలహా అడిగితే, దానంగా వచ్చే పాత సూపర్ కండక్టింగ్ మెషీన్ కంటే ఇలాంటిదో, లేదా కొత్త ఎలక్ట్రానిక్స్ తగిలించిన పాత ఇనుప దిమ్మో మేలంటాను. రిజల్యూషన్ తక్కువే. కానీ పిల్లాడు సెలవులకి ఊరెళ్లొచ్చేసరికి అది చచ్చిపోయి ఉండదు.

మీ కాలేజీలోనో, ఆఫీసులోనో ఎన్ఎంఆర్ ఉంటే, ఒకసారి వెళ్లి దాని ట్యాంకు మీద ఏ కంపెనీ పేరుంది, కన్సోల్ మీద ఏ కంపెనీ పేరుంది చూసి కామెంట్‌లో పెట్టండి. రెండూ వేర్వేరు పేర్లయితే ఫొటో కూడా పంపండి, కాకపోతే ఫోన్ పట్టుకుని ఆ గీత దాటి లోపలికి వెళ్లకండి. ఏటీఎం కార్డు ఉన్న పర్సు కూడా బయటే పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.